తంగేడు పూసిన వాగు ఒడ్డు

కొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి, మెల్లగా చెబుతాను.

నిన్న ఘనపూర్ తోవలో తంగేడు పూత కనబడితే బస్సు దిగిపోయాను.

నా చిన్నప్పుడు ఒక వానాకాలంలో అమ్మ చనిపోయింది. బాపు ఆమె బూడిదను వాగులో కలుపుతుంటే నేను పక్కనే నిలబడ్డాను. ఏటా తంగేడు పూల బతుకమ్మను ఆ వాగులోనే వదిలి, మళ్లీ ఏడు రమ్మని సాగనంపేవాళ్లం. బతుకమ్మ వచ్చేది. అందుకే నీళ్ల మీదికి వంగి "పోయి రా అమ్మా" అన్నాను.

ఆ ఏడు తంగేడు పూయగానే పోయి వాగు ఒడ్డున కూర్చున్నాను. మేనత్త వెతుక్కుంటూ వచ్చింది.

"ఏందే బిడ్డా, పొద్దుగూకుతుంటే గిక్కడ కూసున్నవ్?"

"అమ్మ వస్తది అత్తా. బతుకమ్మ ఏటా వస్తది గదా."

అత్త నా పక్కన కూర్చుని, కొంగులోని తంగేడు పూలు నా దోసిట్లో పోసింది.

"బతుకమ్మను మన చేతులతోని పేరుస్తం, గందుకే వస్తది బిడ్డా. అమ్మను పేర్చుడు మనకు రాదు."

నిన్న ఆ చెట్టు దగ్గర ఊరికే కాసేపు కూర్చున్నాను. పూలు తెంపలేదు, నిమిరాను. పండుగనాడు అమ్మ చేతులకు ఉండే వాసన అదే.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. పొద్దున వెళ్లినవాళ్లంతా దీపాల వేళకు మీ గడప లోపలికి రావాలి.