పట్టీ బిగిసేలోపే దిగాలి

2010 శీతాకాలంలో నన్ను ఫ్లోరిడాలోని ఒక రేవుకు మెరైన్ సర్వేయరుగా పంపారు. సరుకు ఓడలోకి భద్రంగా ఎక్కుతోందో లేదో బీమా సంస్థ తరఫున చూసి సంతకం చేయడం సర్వేయరు పని. క్రేన్ ఆపరేటరుకు నేను ఆజ్ఞలివ్వలేను. ఆ అధికారం ఓడ తరఫున ఉండే లోడ్‌మాస్టరుది. అయితే నా సంతకం లేకుండా బీమా వర్తించదు. మా మాటకున్న బలమంతా అదే.

అది భారీ సరుకులు మోసే ఓడ. ఆ ప్రయాణంలో దాని డెక్కు నిండా విహారానికి వాడే యాట్‌లే. ఒక్కో యాట్‌నూ ఓడ పక్కకు నడిపి తెస్తారు. డైవర్లు నీళ్లలో దిగి దాని అడుగున వెడల్పాటి పట్టీలు రెండు వేస్తారు. వీటిని స్లింగులంటారు. అవి ఎక్కడ పడాలో యాట్ పక్కలకు గుర్తులుంటాయి. లోపల ట్యాంకులు ఖాళీగా ఉండాలి, సామాను ఉండకూడదు. బరువు ఒక పక్కకు చేరితే ఆ గుర్తులకు అర్థం ఉండదు.

ఆ రోజు చివరి యాట్ ఒక తెరచాప పడవ. యజమాని రమణారావు గారు. మిషిగన్‌లోని ట్రాయ్‌లో కార్ల కంపెనీ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయనా, భార్య పద్మ గారూ పడవను కాలిఫోర్నియాకు పంపి, అక్కడ దానిలోనే కాపురం పెట్టాలనుకున్నారు. నా పేరు వినగానే తెలుగులోకి దిగారు. లోపల అదనపు బరువేమైనా ఉందా అని అడిగితే, "ఏమీ లేదండీ, అంతా క్లియర్ చేసేశాం" అన్నారు.

పడవ గాలిలోకి లేచి ఓడ అంచుకు చేరేదాకా పట్టీలు చూసుకోవడానికి ఒక మనిషి అందులో ఉండటం కొన్నిచోట్ల అలవాటు. రమణారావు గారు తానే చుక్కాని దగ్గర ఉంటానన్నారు. లోడ్‌మాస్టరు అభ్యంతరం చెప్పలేదు. చీకటి పడేలోపు పని ముగించాలని అతని తొందర. నేను ఒప్పుకోలేదు. స్లింగు బిగియకముందే అందరూ దిగాలన్నాను.

"ఇరవై ఏళ్లుగా సెయిల్ చేస్తున్నానండీ. నా బోట్ నాకు తెలీదా?"

"తెలుసు. కానీ కాసేపట్లో అది బోట్ కాదు, క్రేన్‌కి వేలాడే బరువు. మీరు దిగకపోతే నేను సైన్ చెయ్యను."

"తెలుగువాళ్లు కదా, అర్థం చేసుకుంటారనుకున్నా" అన్నారాయన. ఆ మాట గుచ్చుకుంది. రేవు మీద నుంచి పద్మ గారు, "ఏవండీ, ఆయన చెప్తున్నారుగా, దిగి రండి" అని గట్టిగా పిలిచారు. ఆయన దిగి, నా వైపు చూడకుండా వెళ్లి ఆమె పక్కన నిలబడ్డారు.

డైవర్లు కూడా దూరంగా వచ్చేశాక క్రేన్ లాగింది. పడవ నీళ్లలోంచి పైకి లేచింది. వెనకభాగం కిందికి వాలింది. లోడ్‌మాస్టరు "స్టాప్" అని అరిచేసరికి, రెండు స్లింగులూ జారకుండా కలిపి కట్టిన తాడు తెగిపోయింది. పడవ వెనక్కి జారింది, ముందు స్లింగు పడవ ముందుకొన మీదుగా ఊడిపోయింది. పడవ ఓడ పక్కను గుద్దుకుని నీళ్లలో పడింది. తెరచాప కొయ్య విరిగి, చుక్కాని దగ్గర కూర్చునే చోటు మీద కూలింది. రమణారావు గారు ఉంటానన్న చోటు అదే.

పద్మ గారు భర్త చేయి పట్టుకుని వదల్లేదు.

తర్వాత ఓడ ఆఫీసు గదిలో విచారణ మొదలైంది. లోడ్‌మాస్టరు తాడు నాసిరకమన్నాడు, డైవర్ల మేస్త్రీ గుర్తులు తప్పన్నాడు. వాదన పెరుగుతుంటే రమణారావు గారు లేచి, పడవ వెనక అరల్లో బియ్యం బస్తాలు, వెట్ గ్రైండరు, ఇంజన్ స్పేర్ పార్టులు, పుస్తకాల పెట్టెలు ఉన్నాయని ఇంగ్లీషులో చెప్పారు. ఎవరూ ఆయన్ని అడగలేదు. ఆ మాటతో తన క్లెయిము బలహీనపడుతుందని ఆయనకు తెలుసు.

బయటికి వచ్చాక నాతో, "జీవితమంతా కార్ల వెయిట్ డిస్ట్రిబ్యూషన్ చూసినవాణ్ణండీ. మీరడిగితే, అది ఇంటి సామానే కదా అనుకున్నాను. బరువని తోచలేదు" అన్నారు. పద్మ గారు ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ముందు నాకిచ్చారు.

బీమా కొంతే వచ్చింది. పడవ బాగుపడింది కానీ కాలిఫోర్నియా చేరలేదు. వాళ్లు ఫ్లోరిడాలోనే ఉండిపోయారు.

ఆ తర్వాత నేను యజమానుల జవాబుతో ఊరుకోకుండా ప్రతి అర తలుపూ తీసి చూడటం మొదలుపెట్టాను. అబద్ధమాడేవారు తక్కువే. తమకు బరువనిపించనిదాన్ని చెప్పనివారే ఎక్కువ. అయితే తలుపులన్నీ తీసినా ఏదో ఒకటి కంటపడకుండా పోవచ్చు. ఆనాడు గుర్తులు, జవాబులు, తాడు అన్నీ మమ్మల్ని తప్పుదారి పట్టించాయి. మనుషుల్ని ముందే దింపేయడం ఒక్కటే, మా లెక్క తప్పినా పనిచేసింది.