పాత మేకుల పెల్మెట్

నేను నాచారంలో ప్లాస్టిక్ డబ్బాలు చేసే మిషన్ మీద రాత్రి డ్యూటీ చేస్తాను. పగలు పడుకుంటాను. పడుకోవాలని చూస్తాను అంటే సరిగ్గా ఉంటుంది. చిల్కానగర్‌లో మా పడకగది కిటికీకి పరదా ఉంది కానీ, పరదా కమ్మీకి పైన జానెడు సందు. ఎదురింటివాళ్లు మేడ మీద కొత్త రేకులు వేయించుకున్నప్పటి నుంచి ఆ సందులోంచి వెలుగు తిన్నగా నా మొహం మీద పడేది. తువ్వాలు కప్పుకుంటే ఊపిరాడదు, తీస్తే నిద్ర పట్టదు. వాళ్ల రేకులకు నల్లరంగు వేసుకోమని చెప్పలేను కదా!

ఒకరోజు డ్యూటీ దిగే ముందు మిషన్ దగ్గర నిలబడే కునుకు తీశాను. అచ్చు మూసుకునేలోపు పక్క మిషన్ ఆయన నా భుజం పట్టి గుంజాడు. "ఏంది బావా, చేతి మీద ఆశ లేదా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఆ తర్వాత అన్నం కలుపుకుంటూ నా వేళ్లను చూసుకుంటేనే భయమేసేది. ఇంట్లో చెప్పలేదు.

ఆ సందు మూసేలా చెక్కతో పెల్మెట్ కట్టాలనుకున్నాను. ఏముంది, ముందొక పలక, పైనొక పలక, పక్కలకు రెండు ముక్కలు.

"వడ్లాయన్ని పిలువరాదు?" అంది నా భార్య.

ఆ వడ్రంగి ఎప్పుడు పిలిచినా రేపే వస్తాడు. శుక్రవారం ఇంటికొస్తూ పాత ప్యాకింగ్ పెట్టెలు విప్పి అమ్మే దుకాణంలో పలకలు కొని, బండి మీద అడ్డంగా పెట్టుకుని, దారి పొడుగునా ఆటోవాళ్ల తిట్లు తింటూ వచ్చాను. స్క్రూలు మరిచిపోయాను.

మర్నాడు శనివారం, నాకున్న ఒక్క సెలవు. ఉప్పల్ పోయి స్క్రూలు తెద్దామని చెప్పులు వేసుకుంటుంటే అమ్మ గడపలో అడ్డం నిలబడింది.

"ఇయ్యాల శనివారం. ఇనుము ఇంట్లకు తెస్తవా? శని ఎంటవడి వస్తడు."

"నిద్ర లేక సస్తున్న. ఎప్పుడో పట్టిండు గాయన!"

"పట్టినోణ్ని ఇంకింత గట్టిగ పట్టుమంటవా? జర ఆగు, రేపు తెచ్చుకో."

రేపంటే మళ్లీ డ్యూటీ. ఇంకో వారం దాకా ఒళ్లు వంగదు. వాదించే ఓపిక కూడా లేక ఒక వకీలు తెలివి చూపించాను. పలకలకే పాత మేకులున్నాయి, అవి శుక్రవారం వచ్చిన ఇనుము. అమ్మ కాసేపు ఆలోచించి ఒప్పుకుంది.

మేకులు పీకి, బండ మీద పెట్టి సుత్తితో సాపు చేశాను. వంకరతో పాటు వాటి పసా పోయింది. పలకలను ఇసుక కాగితంతో రుద్ది, సాయంత్రానికల్లా గోడకు కొట్టేశాను. ఒక పక్క వేలెడు కిందికి వాలింది. నా భార్య తల వంచి చూసి, "గిట్ల సూస్తె సక్కగనే ఉంది," అంది.

సోమవారం పొద్దున డ్యూటీ దిగి వచ్చి పడుకున్నాను. గది బావిలా చీకటిగా ఉంది. ఎన్నాళ్లకో హాయిగా అనిపించింది. ఆ తర్వాత ఏమీ గుర్తు లేదు.

లేచేసరికి దీపాలు పెట్టే వేళయింది. పెల్మెట్ లేదు. కిటికీకి నా భార్య పాత చీర కట్టి ఉంది, పలకలు మంచం పక్కన పడి ఉన్నాయి. ఆమె నా తల దగ్గర కూర్చుని ఉంది.

మధ్యాహ్నం మేకులు ఊడి పెల్మెట్ ధనేల్మని పడిందట. పక్కింటివాళ్లు కూడా వచ్చి చూసి పోయారట.

"మరి నన్ను లేపొద్దా?" అన్నాను.

"గంత సప్పుడుకే లేవలే. ఎలుగు మీద వడ్డా లేవలే. ముక్కు కాడ చెయ్యి వెట్టి సూసిన. ఊపిరి ఆడుతుంది. ఇగ పండనీ అని ఊకున్న. గింత అలిసిపోతున్నవని నాకెందుకు చెప్పలే?"

అప్పుడు చెప్పాను, మిషన్ దగ్గర కునుకు తీసిన సంగతి. ఆమె నా కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని వేళ్లు ఒక్కొక్కటీ తడిమి చూసింది. ఆ రోజు నన్ను డ్యూటీకి పోనివ్వలేదు.