ఏడు దేశాల తరుగు

ఆ రోజుల్లో, అంటే పెళ్లయిన కొత్తలో, నేను పోగొట్టుకున్నవాటి లెక్క ముందే అప్పజెప్పేస్తాను. ఒక తెల్ల చొక్కా (ఎర్ర సాసు మరక, ఏ సబ్బుకూ లొంగలేదు). ఒక పన్ను మూల. హోటల్ బల్ల కింద మరిచిపోయిన గొడుగు. రెండు ఆదివారాల నాటుకోడి కూర (మేం ఊళ్లో లేని రోజే చూసి మా అమ్మ వండిందని నా అనుమానం, ఆమె ఇప్పటికీ ఒప్పుకోదు). రంగుల బొమ్మల మీద నాకున్న నమ్మకం, మొత్తానికి మొత్తం. ఇవన్నీ పేకాటలోనో కోడి పందేల్లోనో పోయాయనుకునేరు. విదేశీ భోజనాల్లో పోయాయి. జనం విమానాలెక్కి పోయి నష్టపోతారు. నేను అప్పటి ఖమ్మం జిల్లా పొలిమేర దాటకుండానే ఏడు దేశాల్లో నష్టపోయాను.

అప్పుడు నేను ఏన్కూరులో మిర్చి కొనే ఒక షావుకారు దగ్గర గుమాస్తాను. నా చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయింది. మిగిలిన లెక్కలన్నీ కాటా పక్కన నిలబడి నాకు నేనే నేర్చుకున్నాను. బస్తా కాటా ఎక్కి దిగేలోపు తూకం ఎంత, తరుగు ఎంత, నికరం ఎంత నోటితోనే చెప్పేసేవాణ్ణి. తరుగంటే తెలియనివాళ్లకు ఒక మాట: గోనె బరువనీ, తాలు కాయలనీ, తేమ ఉందనీ రైతు తెచ్చిన తూకంలోంచి కొనేవాడు కోసేసే భాగం అది. ఆ మాట వింటే రైతుకు ఒళ్లు మంట, మాకేమో అదే బతుకుతెరువు. దాంతో ఏం చూసినా అందులో తరుగెంతో నా కళ్లు వాటంతటవే తీసేసేవి. (ఒకసారి స్నేహితుడి పెళ్లిలో దండలూ తలపాగా తీసేసి పెళ్లికొడుకు నికరం ఎంతో పైకే అనేశాను. ఆ స్నేహితుడు చాలాకాలం మాట్లాడలేదు.)

మా ఆవిడది మణుగూరు. మామగారు బొగ్గు గనుల్లో పని. ఆమె పెరిగిన కాలనీ క్వార్టర్లలో ఒక పక్కింట్లో బెంగాలీలు, ఇంకో పక్కింట్లో ఒడియావాళ్లు, వెనక పంజాబీలు. పొద్దూమాపూ పిట్టగోడల మీదుగా గిన్నెలు అటూ ఇటూ నడిచేవట. ఇటునుంచి గోంగూర పోతే అటునుంచి ఆవపిండి పెట్టిన చేప కూర వచ్చేది. పెళ్లిచూపులకు పోయిన రోజు మేం ముందుగదిలో కూర్చుంటే లోపలినుంచి ఒక నవ్వు వినిపించింది, ఇత్తడి బిందె మెట్ల మీద దొర్లినట్టు. అది పిల్ల నవ్వేనని తెలిశాక నాకిక వేరే విచారణ అక్కర్లేకపోయింది. విచారించింది ఆమే.

"బయట తింటరా?" అని అడిగింది.

"పని మీద పోయినప్పుడు తింట."

"గట్ల గాదు. వేరే దేశాల తిండి. మన దేశంలయి గోడ మీదకెల్లి చానా తిన్న. ఇగ వేరేయి తినాలె. అన్నీ వద్దు, ఏడు చాలు."

వారపత్రికల్లో చూసి పెట్టుకున్నవి వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. చైనా, ఇటలీ, మెక్సికో, థాయ్‌లాండ్, జపాన్, లెబనాన్, ఫ్రాన్స్. అందులో సగం దేశాలు ఏ దిక్కున ఉంటాయో నాకు తెలియదు. కానీ ఏడు అనే అంకె తెలుసు. మన చేతిలో పనే అనిపించింది. "ఏడే గదా" అన్నాను. పక్కన కూర్చున్న మా అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది గానీ, అప్పటికే మాట కాటా దిగిపోయింది.

ఎండాకాలం చివర్లో పెళ్లయింది. కొత్త కోడలు ఇంటికొచ్చింది గానీ ఆ నవ్వు మాత్రం మణుగూరులోనే ఉండిపోయినట్టుంది. మా ఇంట్లో పొద్దున పప్పు, మాపటికి పప్పుచారు. పిట్టగోడ ఉంది గానీ అవతల గేదెల కొట్టం, అటునుంచి గిన్నెలొచ్చే ఆశ లేదు. ఆమె అడిగినదానికి జవాబు చెప్పేది, పని చేసుకునేది, అంతే. మా అమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది.

"పిల్ల నవ్వదేందిరా? నువ్వేమన్న అన్నవా?"

"నేనేమనలే."

"గదే తప్పు. ఏదన్న అను. వచ్చేది ఆషాఢం. పుట్టింటికి పోయి ఈ మొకమే ఆళ్లకు చూపిస్తే మన ఇజ్జత్ ఏం గావాలె?"

మా అమ్మకు పరువు గురించి దిగులు. నా దిగులు వేరు. ఆషాఢమాసానికి కొత్త కోడలు పుట్టింటికి పోవడం ఆనవాయితీ. పోయిన మనిషి నెల తిరిగాక తిరిగి వస్తుంది, అదీ ఆనవాయితీయే. కానీ ఆనవాయితీకి తలవంచి రావడం వేరు, మనసుపడి రావడం వేరు. ఈ రెండోది కావాలనుకున్నాను. అందుకు నా దగ్గరున్న దారి ఒక్కటే, ఆ ఏడు దేశాలు. ఆషాఢం లోపల ఎన్ని తీర్చగలిగితే అన్ని.

మొదట చైనా. ఖమ్మం బస్టాండు దగ్గర మేడమీద, కాగితపు దీపాలు వేలాడదీసిన చీకటి గది. ముందు గిన్నెలతో సూప్ తెచ్చి పెట్టారు. చారు ముందే వచ్చింది, అన్నం వెనక వస్తుందని నేను దాన్ని ముట్టుకోకుండా భద్రంగా పక్కన పెట్టాను. ఫ్రైడ్ రైస్ రాగానే దానిమీద సూపంతా పోసి కలిపాను. వడ్డించే అతను నన్నే చూస్తూ ఉండిపోయాడు. నేనేమో అతను మర్యాదగా నిలబడ్డాడనుకుని "ఇంకొంచెం చారుంటే తే అన్నా" అన్నాను. మా ఆవిడ రెండు చెంచాలు తిని చెంచా కింద పెట్టింది. తిరుగు బస్సులో చాలాసేపటికి అడిగింది, "చైనోళ్లు రోజూ గిదే తింటరా?"

"అవ్, గావచ్చు."

"పాపం" అని కిటికీలోంచి బయటికి చూసింది. ఆ పాపం చైనా గురించో నా గురించో తేలక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత ఇటలీ. కొత్తగూడెంలో ఒక బేకరీ అద్దం మీద పిజ్జా బొమ్మ ఉందని షావుకారు గారి అల్లుడు చెప్పాడు. బొమ్మలో జున్ను తీగలు తీగలుగా సాగుతోంది. బల్ల మీదికొచ్చినదాంట్లో జున్ను సాగలేదు, కరగనూ లేదు, కొబ్బరి కోరులా పైన చల్లి ఉంది. దాని కింద క్యాబేజీ, క్యాప్సికం, ఎర్ర సాసు. అంచు కొరికితే నా పన్ను మూల విరిగింది, సాసు చొక్కా మీద పడింది. అరచేతిలో పన్ను ముక్క పెట్టుకుని చూస్తుంటే మా ఆవిడ "నొప్పి లేస్తుందా" అని ఎంతో జాలిగా అడిగింది. పెళ్లాం నవ్వు కోసం పోతే జాలి దొరికింది. అసలు కంటే తరుగెక్కువ.

ఇంతలో ఆషాఢం రానే వచ్చింది. మణుగూరు తీసుకుపోవడానికి బయలుదేరిన రోజున నాకొక ఉపాయం తట్టింది. దారిలో కొంచెం పక్కకు తిరిగి గోదావరి వంతెన దాటితే భద్రాచలం. అక్కడ కొత్తగా పెట్టిన ఒక హోటల్ బోర్డు మీద ‘మల్టీ క్యూజిన్’ అని రాసి, కింద అన్ని దేశాల జెండాలు వేశారని విన్నాను. లెక్కలోడి బుర్ర కదా, మిగిలిన ఐదు దేశాలూ ఒకే బల్ల మీద, ఒకే పూటలో తీర్చేస్తే పుట్టింట్లో అడుగుపెట్టేసరికి మాట చెల్లిపోతుంది అనుకున్నాను. ఎంత గొప్ప ఆలోచన అని బస్సులో నాలో నేనే మురిసిపోయాను.

వానకు తడిసిన గొడుగు బల్ల కింద పెట్టి కూర్చున్నాం. చుట్టూ రాములవారి దర్శనం చేసుకుని వచ్చిన గుండ్ల జనం ఇడ్లీలు తింటున్నారు. మెనూ కార్డు నిండా రంగుల బొమ్మలే. నేను దేశానికొకటి చొప్పున ఐదు బొమ్మల మీద వేలు పెట్టాను. వడ్డించే కుర్రవాడు "ఐదూనా అన్నా? ఇద్దరికేనా?" అన్నాడు. "ఐదూ" అన్నాను, బాకీ తీర్చేవాడి దర్జాతో.

వచ్చాయి. ఒకటి గుండ్రంగా, ఒకటి పొడుగ్గా, ఒకటి చుట్టచుట్టి, ఒకటి గిన్నెలో, ఒకటి ఆకులో. మొదటిది తిన్నాం, లోపల క్యాప్సికం, ఉల్లిగడ్డ, ఎర్ర గ్రేవీ. రెండోది విప్పాం, క్యాప్సికం, ఉల్లిగడ్డ, ఎర్ర గ్రేవీ. మూడో దేశం పోయేసరికి క్యాప్సికం మాకంటే ముందే వచ్చి కూర్చుంది. మా ఆవిడ మొహంలో చైనా నాటి నిశ్శబ్దం మళ్లీ వస్తోంది. ఇంకో గంటలో ఈ మొహమే వాళ్ల అమ్మానాన్నలు చూస్తారు. ఏం చేయాలో తోచనప్పుడు మనిషి తనకొచ్చిన పనే చేస్తాడు. కార్డు తెరిచి, బొమ్మ పక్కన పళ్లెం పెట్టి, పళ్లెంలోంచి క్యారెట్ పువ్వు తీశాను, నిమ్మచెక్క తీశాను, అడుగున పరిచిన క్యాబేజీ ఆకు తీశాను. ఒక్కొక్కటీ బల్ల మీద కుప్పగా పెట్టి కుర్రవాణ్ణి పిలిచాను.

"తమ్మీ, ఇదంత తరుగు. పోను నికరం గీ మూలకున్నదే. గీ బొమ్మ నీ శాంపిల్, గీ పళ్లెం నీ సరుకు. రెంటికి పొత్తు లేదు. చూడు."

హోటల్లో ఇడ్లీలు తినేవాళ్లు తినడం ఆపారు. కుర్రవాడు కుప్ప వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"అన్నా, మీరు మిర్చి కాడ పని చేస్తరా?"

"అవ్. ఏన్కూరుల. ఎందుకు?"

అతని మొహం వెలిగిపోయింది. "మాది పెనుబల్లి కాడ. మా నాయిన ఏటా మిర్చి అమ్ముతడు. బస్తా విప్పిండ్రంటే చాలు, తేమంటరు, తాలంటరు, గోనంటరు. మా నాయిన ఇంటికొచ్చి రెండ్రోజులు అన్నం తినడు. ఇన్నేండ్లకు మీ అసుంటోడు ఒకడు నా చేతికి చిక్కిండు. తియ్యన్నా, ఇంక తియ్యి తరుగు. గిన్నె బరువు గూడ తియ్యి. కుర్చీల కూసున్నందుకు తేమ తియ్యి."

పక్క బల్ల పెద్దాయన గట్టిగా "అట్ల అడుగు బిడ్డా" అన్నాడు. ఆయనా రైతే అయి ఉంటాడు. నేను క్యారెట్ పువ్వును మెల్లగా మళ్లీ పళ్లెంలో పెట్టేశాను. మా ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడిపించేశాను, ఇక మణుగూరులో నా పని అయిపోయింది అనుకున్నాను. కొంగు తీసింది. ఏడవడం లేదు. బిందె మెట్ల మీద దొర్లుతోంది.

ఊపిరి తీసుకోవడానికి కాసేపు పట్టింది ఆమెకు. తర్వాత కళ్లు తుడుచుకుని ఆ కుర్రవాణ్ణే అడిగింది, "తమ్మీ, మీ నాయిన సరుకు శాంపిల్ తీర్గ లేకపోతే వీళ్లేం జేస్తరు?"

"ఏం జేస్తరక్కా, బేరం రద్దు. బండి వాపస్."

"వచ్చినట్టు లెక్క రాసుకుంటరా?"

"ఎందుకు రాస్తరు? సరుకే రానట్టు."

ఆమె నా వైపు తిరిగింది. "నిజమేనా?"

ముప్పై మంది సాక్షుల ముందు వృత్తి ధర్మం తప్పలేను కదా. "నిజమే" అన్నాను.

"అయితే గీ ఐదు దేశాలు వాపస్. ఆ చైనా వాపస్, మీ పన్ను ఇరగ్గొట్టిన ఇటలీ గూడ వాపస్. ఏడుకు ఏడు అట్లనే ఉన్నయి."

బస్సెక్కాక నేను చాలా దిగులుగా లెక్క వేసుకున్నాను. ఇంత తిరిగి, ఇంత తిని, ఒక్క దేశం కూడా తీరలేదు. గొడుగు కూడా అక్కడే మరిచిపోయాను. పాల్వంచ వైపు పోయే బొగ్గు లారీలు ఎదురవుతున్నాయి, అద్దాల మీద వాన జారుతోంది. మణుగూరు కాలనీ మలుపు కనిపించాక ఆమె బ్యాగు సర్దుకుంటూ మామూలుగా అంది, "ఆషాఢం అయిన తెల్లారే వచ్చి తీస్కపోండి. చైనా మళ్ల మొదలుపెట్టాలె." అప్పుడు వెలిగింది నాకు. ఏడు దేశాలు తీరలేదంటే, నాతో ఇంకా ఏడుసార్లు బస్సెక్కడానికి ఆమె సిద్ధంగా ఉన్నట్టే. కాటా పక్కన నిలబడి ఇన్నాళ్లూ నేర్చిన లెక్కలో ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

ఆ తర్వాత చాలా తిరిగాం. ఖమ్మంలోనే ఇప్పుడు ఎన్నో హోటళ్లు. విజయవాడ పోయాం, హైదరాబాద్ పోయాం. ప్రతిచోటా ఏదో ఒక లోపం దొరికేది ఆమెకు. ఉప్పు తక్కువ, వాపస్. అన్నం మెత్తన, వాపస్. ఈ మధ్య ఒకసారి హైదరాబాద్‌లో థాయ్ భోజనం చేశాం. కొబ్బరిపాల కూర, నిజంగా బాగుంది. ఆమె ఇష్టంగా తింది. అన్నం మళ్లీ పెట్టించుకుని తింది. గిన్నె అంచు వేలితో తుడిచి కూడా తింది. తల నెరిసిన ఈ గుమాస్తా ఆశగా ముందుకు వంగి "ఇదన్నా జమేనా?" అని అడిగాడు. ఆమె ఖాళీ గిన్నెను పక్కకు జరిపింది.

"నిమ్మాకు వాసన జర ఎక్కువైంది" అంది. "వాపస్."

తరుగు తీయడానికి ఆ గిన్నెలో మెతుకు కూడా లేదు. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకూ తెలుసు. నేటికి బాకీ: ఏడు.