మూడో అంకమూ ఒక జాబూ

అరవైల మొదట్లో, బత్తలపల్లెలో పంతులుగా ఉన్నప్పుడు, ఊళ్లోవాళ్లకు నాటకం రాసిస్తానని మాటిచ్చి ఇరుక్కుపోయాను. బావి దగ్గర తగాదాపడి విడిపోయిన అన్నదమ్ముల కథ. రెండంకాలు చకచకా రాసేశాను. మూడోదాంట్లో అన్న తమ్ముణ్ణి పిలవాలి. ఏమని పిలవాలో పది రోజులైనా తోచలేదు. రాసిందల్లా ఉపన్యాసంలా ఉంది. ఆటకు వారమే గడువు. ఎవరు పలకరించినా కసురుకునేవాణ్ణి.

అన్న వేషం మా వీధి దర్జీది. ముస్లిం, నాకంటే పదేళ్లు పెద్ద, మంచి గొంతు. మాటలెప్పుడిస్తావని రోజూ వచ్చి నా ప్రాణం తీసేవాడు. ఒక సాయంత్రం మాత్రం నా మొహం చూసి జాలిపడ్డాడు.

"కాలరు మొండికేసిందంటే, అయ్యోరా, దాన్ని ఆడ పడేసి కాజాలు కుట్టుకుంటా. కాసేపటికి అదే దారికొస్తాది. ఆ నాటకం పక్కనబెట్టి నాకొక జాబు రాసియ్యి."

జాబు గుత్తిలో ఉన్న తమ్ముడికి. కుట్టుమిషను అమ్మకం మీద మాటామాటా పెరిగి మూడేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. విసుక్కుంటూనే కలం పట్టాను. క్షేమ సమాచారాలయ్యాయి, ఊళ్లో నాటకం ఉందన్న కబురూ అయింది. తర్వాత గోడకేసి చూస్తూ మెల్లగా చెప్పాడు.

"కోపముంటే ఈడికొచ్చి తిట్టు. ఆడ ఊరకుండొద్దు."

నా చెయ్యి ఆగిపోయింది. పది రోజులుగా నేను వెతుకుతున్న మాట అదే. అతను గడప దాటగానే దాన్ని నాటకంలోకి ఎక్కించాను. అన్నం వేళకు అంకం పూర్తయింది. దొంగతనం చేసినట్టు సిగ్గేసింది, సంతోషమూ ఆగలేదు.

మర్నాడు కాగితాలు చదివి వినిపిస్తుంటే దర్జీ ఆ మాట దగ్గర నన్ను ఆపాడు. కొట్టేస్తానన్నాను. వద్దన్నాడు. ఆ వారమంతా పోస్టుమాన్ వస్తుంటే కుట్టు ఆపి చూసేవాడు. గుత్తి నుంచి జవాబు రాలేదు.

ఆట రోజు అతను ఆ మాట జనం వైపు తిరిగి చెప్పాడు. తమ్ముడి వేషగాడు నోరు తెరిచేలోపే జనం వెనకనుంచి ఎవరో లేచారు.

"వచ్చినా అన్నా. ముందు నాటకం కానీ, తర్వాత తిడతా."

జనం గొల్లున నవ్వారు. దర్జీ మిగతా మాటలన్నీ మరిచిపోయి, తలపాగాతోనే వేదిక దిగి అటు పరిగెత్తాడు. నేను రాసిన అంకంలో సగం గంగలో కలిసిపోయింది. అంత సంతోషంగా నేను మరే రాతా పోగొట్టుకోలేదు.