కాయ పట్టని కంది
నారాయణఖేడ్‌లో నాగల్‌గిద్ద బస్సెక్కితే నా పక్కన ఒక నడివయసు మేడమ్ కూర్చుంది. విత్తనాల కంపెనీలో జన్యుశాస్త్రవేత్తగా చాలా ఏళ్లు పనిచేసి, అది మానేసి ఇప్పుడు రైతుల తరఫున ఊరూరా తిరుగుతున్నానని, ఇవాళ నాగల్‌గిద్దలో మీటింగుందని చెప్పింది.

ఊరు దాటగానే ఇద్దరు బైకు అడ్డంపెట్టి బస్సు ఆపి, లోపలికొచ్చారు.

"కంపెనీ కంది మీద మీటింగులు పెట్టే మేడమ్ ఎవలు? దిగు ఇగ!" అని ఒకడు అరిచాడు.

లేవొద్దని ఆమె చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుని నిలబడింది.

"నేనే. దిగను. గా కంది తయారుచేసింది గుడ నేనే. పూత నిలవదని అప్పుడే చెప్పిన, కంపెనోళ్లు వినలే. రైతులకు నేను చెప్పకుంటే ఎవలు చెప్తరు?"

అతను ఆమె భుజం పట్టి లాగబోయాడు. రెండోవాడు ఆ చేతిని ఆపాడు.

"ఆగురా. కంపెనోళ్లు పంపితే వచ్చిన గని, మా చేన్ల గుడ గదే ఏసినం, పూతంత రాలింది. తప్పు మా నాయినదే అన్నరు కంపెనోళ్లు. పురుగుల మందు తాగి దవాఖాన్ల ఉన్నడు." ఆమె వైపు తిరిగాడు. "ఆయన తప్పు లేదా మేడమ్?"

"లేదు. విత్తనమే మంచిది కాదు."

"గా మాట ఆయనకు జెర చెప్తవా?"

ఆమె సంచీ తీసుకుని దిగి, అతని వెనక బైకెక్కింది. బైకు వెనక్కి, నారాయణఖేడ్ దవాఖాన వైపు మళ్లింది.

నాగల్‌గిద్దలో ఆమె కోసం కూర్చున్న రైతుల దగ్గరికి నేనే వెళ్లి, ఆమె చెప్పిన మాట చెప్పాను.