రెడ్డెప్ప పాటకు నేను పెట్టిన మాటలు

మా సీమవాళ్లకు మాటల్లేని సంగీతం ఎక్కదని ఇన్నేళ్లూ నలుగురిలో చెప్పుకుని తిరిగాను. మదనపల్లె నుంచి కుప్పం దాకా నేను చేసిన ప్రయాణమే అందుకు సాక్ష్యం అన్నాను. అది అసలెలా జరిగిందో ఇప్పుడు రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక శనివారం. పొద్దున ఏడున్నరకు నేనూ రెడ్డెప్పా మదనపల్లెలో కుప్పం వెళ్లే ప్రైవేటు బస్సెక్కాం. వాడు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. సొంతంగా ఒక పాట కట్టి బెంగుళూరులో రికార్డు చేయించాడు. పాటన్న మాటే గానీ పాడేవాళ్లుండరు. పది నిమిషాలు గిటార్లు, డ్రమ్ములు, అంతే. కుప్పంలో ఒక యువజన సంఘం వాళ్లు ఆ సాయంత్రం సభలో క్యాసెట్ వేసి చూస్తామన్నారు. జనానికి నచ్చితే రెడ్డెప్పకు పూర్తి కచేరీ. ఆర్కెస్ట్రా మానేయాలని వాడి ఆశ. నేను కవిని కాబట్టి మైకులో పరిచయం చేయడానికి వెంట వెళ్లాను. కవినని అప్పట్లో నాకొక్కడికే తెలుసు.

పుంగనూరులో టిఫిన్‌కి ఆపారు. ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీ నీళ్లు. బస్సు కదిలాక రెడ్డెప్ప బతిమాలితే డ్రైవరు క్యాసెట్ వేశాడు. ఒకే గిటారు, అవే నాలుగు స్వరాలు, మళ్లీ మళ్లీ, తొందరేమీ లేకుండా.

ముందు సీట్లో రాగుల మూటతో కూర్చున్న అవ్వకు ఓపిక పోయింది. "ఏమప్పా, పాడేటోడు యాడ పోయినాడు?"

"టీ తాగను దిగి పుంగనూరులోనే ఉండిపోయినాడవ్వా," అన్నాడు డ్రైవరు. బస్సంతా నవ్వు. నేనూ నవ్వాను. రెడ్డెప్ప కిటికీ వైపు తిరిగాడు.

రెండో గిటారు చేరింది. బయట గుట్టలు, బండల మీద పాకుతున్న మబ్బునీడలు. నవ్వులు సన్నగిల్లాయి. డ్రమ్ములు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. టికెట్లు కొడుతున్న కండక్టరు కమ్మీ పట్టుకుని నిలబడిపోయాడు. అంతా అణిగి మొదటి గిటారే మిగిలాక అవ్వ అంది: "గొర్రెలు కొండ దిగొస్తాండేట్టుండాది గదప్పా. మొదుట ఒగటి, ఆపైన మంద మంద. ఇంగోసారి ఎయ్యి."

ఇదంతా నేను చెవులారా విన్నాను.

సాయంత్రం ఆరింటికి కుప్పంలో సభ. క్యాసెట్ మొదలైన కాసేపటికే గుసగుసలు, కుర్చీల చప్పుడు. ఓపిక పడితే చాలని నాకు తెలుసు. కానీ మైకు నా చేతిలో ఉంది, జేబులో కవిత ఉంది. "ఓ రాళ్ల సీమా!" అని ఎత్తుకున్నాను. డ్రమ్ములు వచ్చినప్పుడు వాటికి మించి అరిచాను. చప్పట్లు పడ్డాయి.

సంఘం కార్యదర్శి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "కవిత్వం బాగుండాదన్నా. వచ్చే తూరి ఆ మ్యూజిక్ లేకుండా రాండి."

రెడ్డెప్ప పక్కనే ఉన్నాడు. కచేరీ మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

లాడ్జిలో పడుకుని మర్నాడు తిరుగు బస్సెక్కాం. కుప్పం, పలమనేరు మధ్య దారి చాలా బాగుంటుందట, వెళ్లేవాళ్లు చూసుకోండి. నేను కార్యదర్శి మెచ్చుకోలే తలుచుకుంటూ కూర్చున్నాను. పలమనేరు దాటాక రెడ్డెప్ప నోరు విప్పాడు.

"ఆడ నా పాట నీకు ఇనపడిందా?"

"ఇనపడింది రా."

"నాకు ఇనపడలే."

ఆ సాయంత్రం పెళ్లికి వాయించాలని పుంగనూరులో దిగాడు. దిగుతూ మెట్టు మీద ఆగి, "మల్లా కుప్పానికి పిలిస్తే పోతావా?" అన్నాడు.

పోనని చెప్పాను. పోయాను. శాలువా కప్పారు.