చెలమ నీళ్లకి ఇచ్చిన కాగితం

2022 అక్టోబరు. వానలు తగ్గి ఒక పక్క ఇసక తేలింది గానీ ఖర్కాయి నది ఇంకా నిండుగానే పారుతోంది. టాటానగర్ పక్కన ఆదిత్యపూర్‌లో నీళ్లు పరీక్ష చేసే ఒక చిన్న ప్రైవేటు ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. అప్పటికే ఇరవై ఏళ్ల సర్వీసు. నెలకోసారి ఐస్‌బాక్సు భుజాన వేసుకుని, ముందే అనుకున్న చోట్ల నది నీళ్లు సీసాల్లో పట్టుకు రావడం నా పనుల్లో ఒకటి. దాన్ని గ్రాబ్ శాంపిల్ అంటాం. ఆ పూట, ఆ చోట ముంచిన నీళ్లు అని. అంతకు మించి దానికి అర్థం లేదు. కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజే ఈ మాట నేనే చెబుతాను. చెప్పడంలో నన్ను మించినవాళ్లు లేరు.

ఆ రోజు నా శాంపిల్ పాయింటుకి యాభై అడుగుల దూరంలో ఒక పెద్దావిడ ఇసకలో కూర్చుని రేకు ముక్కతో చెలమ తవ్వుతోంది. పుట్టి పెరిగింది టాటానగర్ రైల్వే క్వార్టర్స్‌లో కాబట్టి, నేను చెలమని చూసింది సెలవులకి శ్రీకాకుళం వైపు వెళ్లినప్పుడే. ఇసకలో మోచేతి లోతు గుంట తీస్తే ఊట వస్తుంది. మొదట ఊరిన మడ్డి నీళ్లు తోడి పారబోసి, తేరుకున్నాక కొబ్బరి చిప్పతో బిందెలోకి ఎత్తుకుంటారు. మా నాయనమ్మ అలాగే చేసేది. కాళ్లు ఆగిపోయాయి.

"చెలమ బాగా ఊరుతోందా పెద్దమ్మా?" అన్నాను.

ఆవిడ తలెత్తి చూసింది. "మనోల్ల పిల్లవేటి? ఎవులమ్మాయివి?"

మా నాన్న రైల్వేలో ఫిట్టరుగా చేసేవారని, మాది ఆమదాలవలస దగ్గరని చెప్పాను. ఆవిడ పేరు అప్పాయమ్మ. భర్త కాంట్రాక్టు పనికి వచ్చి ఈ ఒడ్డునే బస్తీలో ఇల్లు కట్టుకున్నాడట, ఇప్పుడు లేడు. కొడుకు ఒక వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద చేస్తాడు. బస్తీకి కుళాయి రాలేదు. ఉన్న ఒక్క బోరింగు నీళ్లు ఎర్రగా తుప్పు కంపు. వీధంతా చెలమ నీళ్లే తాగుతారు, ఒక్కరు తప్ప.

ఆ ఒక్కరూ ఆవిడ కోడలు జ్యోతి. బిందె పట్టుకుని వెనకే నిలబడి ఉంది. "మా కోడలు ఈ నీల్లు ముట్టదమ్మా. డబ్బా నీల్లే గావాలంతాది. నాగావళి సెలమ నీల్లు తాగి పెరిగినదాన్ని, నాకు తెల్దా? నువ్వు సదువుకున్నదానివి. పరీచ్చ సేసి ఓ కాయితం ఇయ్యి, దీని నోరు మూతపడతాది."

జ్యోతి నవ్వలేదు. పైన నాలా, అంటే మురుగు కాలువ, వచ్చి నదిలో కలిసే చోటు చూపించి, "గందా పానీ హై దీదీ, పూరా నాలా ఇసీ మే గిర్తా హై," అంది. మురుగంతా ఇందులోనే పడుతోంది కదా అని ఆ పిల్ల బాధ.

అప్పాయమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. తాగాను. చల్లగా, కాస్త తియ్యగా ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఆ నీళ్ల కన్నా ఆ మాట నాకు తియ్యగా తగిలింది. ల్యాబ్‌లో పొద్దస్తమానం హిందీ, ఇంట్లో పిల్లలూ హిందీయే. 'నువ్వు సదువుకున్నదానివి' అని మా నాయనమ్మ యాసలో ఎవరైనా అని ఎన్నాళ్లయిందో.

స్టెరిలైజ్ చేసిన సీసాలో శాంపిల్ పట్టుకెళ్లి, ల్యాబ్ యజమానిని అడిగి, పరీక్షలన్నీ చేశాను. టర్బిడిటీ అంటే నీటి మడ్డి కొలత, అది చాలా తక్కువ. లోహాలు హద్దులోనే ఉన్నాయి. కోలిఫార్మ్ కనిపించలేదు. మలం కలిసిన నీళ్లలో ఉండే బ్యాక్టీరియా అది, అది లేదంటే పెద్ద మాటే. రిపోర్టు ప్రింటు తీసి స్వయంగా ఇంటికి పట్టుకెళ్లి ఇచ్చాను. ఈ ఫలితం అందిన శాంపిల్‌కి మాత్రమే వర్తిస్తుందని కింద చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. దాన్ని నేను చదివి చెప్పలేదు.

"ఏటంతాది కాయితం?" అంది అప్పాయమ్మ.

"మన నాగావళి నీళ్లలాగే ఉన్నాయి పెద్దమ్మా. నిశ్చింతగా తాగండి," అన్నాను, జ్యోతి వైపు చూసి మరీ.

కాచి తాగండి అన్న రెండు ముక్కలు నా నోట రాలేదు. అలా అంటే సగం కోడలి పక్షం మాట్లాడినట్టవుతుంది. నేను అత్తగారి పక్షం వెళ్లాను. ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్న మనిషిని ఒక చెంబు నీళ్లతో, నాలుగు తీపి మాటలతో కొనేశారని ఇప్పుడనుకుంటే సిగ్గేస్తుంది. పాపం ఆవిడ కొనలేదు కూడా, నేనే అమ్ముడుపోయాను.

ఏప్రిల్ వచ్చింది. నదిలో సెకనుకి ఎన్ని నీళ్లు పోతున్నాయన్న లెక్కని డిశ్చార్జ్ అంటాం. అక్టోబరులో అది ఎక్కువ, నాలా మురుగు ఎంత పడినా పలచబడి కొట్టుకుపోయేది. ఏప్రిల్‌కి ఖర్కాయి ఇసక మధ్య సన్నటి పాయగా మిగిలింది. నాలా మాత్రం ఎప్పటిలాగే పడుతోంది, దానికి వేసవి సెలవులుండవు. ఆ నెల నది శాంపిల్‌లో కోలిఫార్మ్ అంకె అమాంతం ఎగిరింది. నా చేత్తోనే రిజిస్టరులో రాశాను. యాభై అడుగుల అవతల చెలమ ఒకటుందని ఆ అంకె రాస్తున్నప్పుడు నాకు గుర్తు రాలేదు.

గుర్తు రాలేదనడం కూడా పూర్తి నిజం కాదు. ఆ శాంపిల్ తీసిన పొద్దున్నే, వంతెన ఎక్కాక కింద అప్పాయమ్మని చూశాను. పాయ జరిగిన కొద్దీ వాళ్ల చెలమలూ జరిగాయి. ఇప్పుడు దాదాపు నాలా నోటి దగ్గరే తవ్వుతున్నారు. ఆవిడ చెయ్యెత్తి పిలిచింది. ఎండ మండుతోంది, బాక్సులో ఐస్ కరిగిపోతోంది, శాంపిల్ వేళకి ల్యాబ్ చేరాలి. నేనూ చెయ్యూపి ఆటో ఎక్కేశాను. ఆటో కదులుతుంటే ఆవిడ బిందె ఎత్తి చూపించింది, తేటగా ఉన్నాయని కాబోలు.

మే నెలలో ఆవిడే ల్యాబ్‌కి వచ్చింది. ఒక చేతిలో కూల్‌డ్రింకు సీసాలో నీళ్లు, ఇంకో చేతిలో నా రిపోర్టు. దానికి లామినేషన్ చేయించి, మేకుకి తగిలించడానికి పైన చిల్లు పెట్టించారు.

"జ్యోతికి పచ్చకామెర్లమ్మా. ఏడో నెల. ఆసుపత్రిలో ఉన్నాది. డాట్రు నీల్ల వల్లే అంతన్నాడు," అంది. "మల్లీ ఓపాలి సూడు. ఏదో పొరపాటుంతాది."

"వాసన ఏమైనా వచ్చిందా పెద్దమ్మా?" అని అడిగాను.

"దానికొచ్చినాదంట. నెల కితం సెప్పినాది, వాసనొత్తంది, డబ్బా నీల్లు తెప్పించండని. నాను ఈ కాయితం సూపించినాను. తాగినాది."

స్టెరిలైజ్ చేయని సీసా కాబట్టి ఆ నీళ్లు పరీక్షకి పనికిరావు. నేనే వెళ్లి చెలమలో శాంపిల్ తీశాను. రెండో రోజుకి కోలిఫార్మ్ లెక్కపెట్టలేనంత వచ్చింది. అప్పుడు బస్తీలో ఇంటింటికీ తిరిగి కాచి తాగమని చెప్పాను. అప్పటికే మరో నాలుగిళ్లలో కామెర్లున్నాయి.

జ్యోతి బతికింది. బిడ్డ దక్కలేదు.

చూడ్డానికి వెళ్లాను. ఇంకా కళ్లు పచ్చగానే ఉన్నాయి. అప్పాయమ్మ మంచం పక్కన కింద కూర్చుని కోడలి కాళ్లు పడుతోంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. జ్యోతి గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. తరవాత, నాతో ఎప్పుడూ హిందీలోనే మాట్లాడిన పిల్ల, తెలుగులో అంది. "నాకు ముందే తెలుసు దీదీ. మీరు రాసిచ్చారు కదా అని తాగినాను."

తల దించుకుని వచ్చేశాను.

ఇప్పుడు బస్తీలో ఎవరికి రిపోర్టు ఇచ్చినా దాని మీద హిందీలో పెద్ద అక్షరాలతో రాస్తాను, ఏ తేదీన తీసిన నీళ్లు, ఆ రోజు నది ఎంత ఉంది, కాచే తాగాలి అని. నీళ్లు ఎలా ఉన్నాయని అడిగితే ముందు నదిలో ఎన్ని నీళ్లున్నాయో చూసి గానీ నోరు విప్పను. ఎండాకాలం రాగానే పిలవకపోయినా వెళ్లి మళ్లీ శాంపిల్ తీస్తాను. వంతెన మీద నుంచి ఎవరు చెయ్యెత్తినా కిందికి దిగుతాను. అప్పాయమ్మ ఇప్పుడు అక్కడికి రావడం లేదు.

ఆ లామినేషన్ కాగితం ఆవిడ ల్యాబ్‌లోనే వదిలేసి వెళ్లింది. నా సొరుగులో ఉంది. అప్పుడప్పుడూ తీసి చదువుతాను. అందులో ఒక్క అంకె కూడా తప్పు లేదు.